కూల్చే ఇంటికి అచ్చు పోస్తే: నగరాన్నే ముడిసరుకు చేసుకున్న కళ

క్లుప్తంగా: నగరాన్ని బొమ్మగా గీయడం పాత సంగతి. గత అయిదారు దశాబ్దాలుగా కొందరు కళాకారులు నగరాన్నే ముడిసరుకుగా వాడుకుంటున్నారు. కూల్చబోయే ఇళ్లు, వేలంలో కొన్న స్థలాలు, రిజిస్ట్రేషన్ కాగితాలు, సీసీటీవీ ఫుటేజీ, ఫోన్‌లో మ్యాపు, ఏదైనా సరే. ఇలాంటి పనుల ముందు నిలబడి "ఇందులో అందమేముంది" అని అడిగితే పెద్దగా జవాబు రాదు. "ఈ స్థలం ఎవరిది, ఈ పనికి చివరికి ఏమైంది" అని అడిగితే చాలా సంగతులు తెలుస్తాయి. స్థలాల ధరలు పెరగడంలో ఇదే కళకు కూడా ఒక పాత్ర ఉంది. ఇబ్బందికరమైన భాగం అదే.

1993 అక్టోబర్ చివర్లో తూర్పు లండన్‌లోని గ్రోవ్ రోడ్డులో ఒక వింత ఇల్లు బయటపడింది. తలుపు ఆకారం ఉంది, తెరుచుకోదు. గోడ లోపలికి ఉండాల్సిన నిప్పుగూళ్లు బయటికి ఉబ్బి ఉన్నాయి. స్విచ్చులు ఉన్న చోట అచ్చులు మాత్రమే మిగిలాయి. శిల్పి రేచల్ వైట్‌రీడ్ చేసిన పని అది. పార్కు కోసం కూల్చేస్తున్న ఇళ్ల వరసలో చివరగా మిగిలిన ఇంటిని తీసుకుని, లోపలంతా కాంక్రీటు పట్టించి, గట్టిపడ్డాక బయటి ఇటుక గోడలను ఊడదీశారు. మనుషులు తిరిగిన ఖాళీ జాగా కాంక్రీటు దిమ్మగా నిలబడింది, దాన్ని మూసి ఉంచిన గోడలు పోయాయి.

ఎవరో దాని మీద "ఎందుకిది?" అని రాశారు. ఇంకెవరో "ఎందుకు కాకూడదు!" అని జవాబు రాశారు. నవంబర్ 23న వైట్‌రీడ్‌కు బ్రిటన్‌లో పేరున్న కళా బహుమతి టర్నర్ ప్రైజ్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమే. అదే రోజు స్థానిక కౌన్సిలర్లు ఆ ఇంటిని కూల్చేయాలని ఓటు వేశారు. టర్నర్ కింద వచ్చింది 20 వేల పౌండ్లు. దాన్ని వెక్కిరిస్తూ మరో సంస్థ "ఏడాదిలో అందరికన్నా చెత్త కళాకారిణి" అంటూ 40 వేల పౌండ్లు ఇచ్చింది. 1994 జనవరి 11న బుల్డోజర్ వచ్చింది. మొత్తం మీద ఆ శిల్పం నిలబడింది రెండున్నర నెలలు.

సాధారణ శిల్పానికి ఇలా జరిగితే నష్టం అంటారు. ఇక్కడ మాత్రం కూల్చివేత కూడా కథలో భాగమైంది. ఒక వీధిని చెరిపేయడానికి ఎవరి సంతకం చాలు, ఎన్ని రోజులు పడుతుంది అన్నది జనం కళ్లముందే తేలిపోయింది.

ఫ్యాక్టరీలు ఖాళీ చేసిన చోట

ఈ ధోరణి 1960ల చివర, 1970ల మొదట్లో బలపడింది. అప్పటికి పశ్చిమ దేశాల పెద్ద నగరాల నుంచి ఫ్యాక్టరీలు బయటికి పోతున్నాయి. ఉద్యోగాలతో పాటు కొంత జనాభా శివార్లకు తరలిపోయింది. పాత బస్తీల మీదుగా ఎక్స్‌ప్రెస్ రోడ్లు పడ్డాయి. గోదాములు, రేవులు, చిన్న కార్ఖానాలు తాళాలు వేసి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే కళాకారుల్లో ఒక వర్గం గ్యాలరీ మీద విసిగిపోయి ఉంది. గోడకు తగిలించి అమ్మే వస్తువును తయారు చేయడం వాళ్లకు ఇష్టం లేదు. ఖాళీ భవనాలు ఒకవైపు, ఖాళీ చోటు కోసం వెతికే కళాకారులు మరోవైపు. రెండూ కలిశాయి.

ఆ కలయికకు బాగా గుర్తుండిపోయే పేరు గోర్డన్ మట్టా-క్లార్క్. చదివింది ఆర్కిటెక్చర్, చేసింది భవనాలు కోయడం. 1974లో న్యూజెర్సీలో కూల్చబోయే ఒక చెక్క ఇంటిని రంపంతో నిలువునా రెండు చెక్కలు చేశాడు. పునాది వైపు కొంత చెక్కేసి సగం ఇంటిని వెనక్కి వంచితే, మధ్య చీలికలోంచి ఎండ లోపలికి పడింది. మరుసటి ఏడాది పారిస్‌లో 17వ శతాబ్దపు రెండు ఇళ్లకు గోడల మీదుగా, అంతస్తుల మీదుగా శంకువు ఆకారంలో పెద్ద కన్నం పెట్టాడు. అవీ కూల్చబోయేవే. పక్కనే పాంపిదూ కళాకేంద్రం కడుతున్నారు. రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఆ కన్నంలోంచి చూస్తే పాత ఇంటి పొరలు కనిపిస్తాయి. వాటి వెనకే కొత్త భవనం ఉక్కు చట్రం లేస్తుంటుంది. ఒక పేట తీరు మారడాన్ని ఇంత తక్కువ మాటల్లో చెప్పిన పని మరొకటి దొరకడం కష్టం. కళ కోసం కడుతున్న భవనమే ఆ పేటను మారుస్తోందన్న చురక కూడా అందులోనే ఉంది.

కాగితాల్లో ఉన్న నగరం

రాళ్లు, ఇటుకల కంటే నగరం ఎక్కువగా కాగితాల మీద నడుస్తుంది. సర్వే నంబర్లు, దస్తావేజులు, పన్ను రసీదులు, తనఖాలు. ఈ సంగతిని కళాకారులు తొందరగానే పసిగట్టారు.

1970ల మొదట్లో న్యూయార్క్ నగరపాలక సంస్థ పన్ను బకాయిల కింద స్వాధీనం చేసుకున్న స్థలాలను వేలం వేసేది. సర్వేలో తప్పుల వల్లో, ప్లాట్లు కోసినప్పుడు మిగిలిపోయిన ముక్కల వల్లో ఎవరికీ అక్కరకు రాని బిట్లు కొన్ని ఆ జాబితాలో తేలేవి. మట్టా-క్లార్క్ అలాంటివి 15 కొన్నాడు, ఒక్కోటి 25 నుంచి 75 డాలర్ల మధ్య. క్వీన్స్‌లో 14, స్టేటెన్ ఐలండ్‌లో 1. కొన్ని రెండు ఇళ్ల మధ్య సన్నటి పేలికలు. కొన్ని కాలిబాట అంచు వెంబడి పోయే గీతల్లాంటివి. కొన్నింటి దగ్గరికి వెళ్లాలంటే వేరేవాళ్ల స్థలంలో కాలు పెట్టాల్సిందే. అంటే దస్తావేజు ఉంది, పన్ను కట్టాలి, కానీ సొంతదారు తన స్థలంలో నిలబడలేడు. స్థలం ఫొటో, పటం, దస్తావేజు కలిపి పెడితే అదే కళాఖండం. 1978లో 35 ఏళ్ల వయసులో అతను చనిపోయాడు. పన్ను కట్టేవాళ్లు లేక ఆ బిట్లు మళ్లీ నగరం చేతికే వెళ్లాయి. కాగితాలు మాత్రం మ్యూజియాల్లో ఉన్నాయి. సొంతం అనే మాటకు అర్థమేంటని అడగడానికి ఇంతకన్నా చవకైన దారి ఉండదేమో.

ఇదే దారిలో హాన్స్ హాక్ అనే కళాకారుడు చేసిన పని మాత్రం ఒకరి ఉద్యోగానికే ఎసరు పెట్టింది. 1971లో అతను మాన్‌హట్టన్‌లోని 142 ఆస్తుల ఫొటోలు తీశాడు. చాలావరకు పేదలు అద్దెకుండే పాత భవనాలవి. ఒక్కో ఫొటో కింద చిరునామా, ఎవరి పేరున ఉంది, ఎప్పుడు చేతులు మారింది, తనఖా ఎంత అన్న వివరాలు టైపు చేసి అంటించాడు. పదుల కొద్దీ కంపెనీల పేర్లు కనిపిస్తాయి. పక్కనున్న చార్టు చూస్తే అవన్నీ తిరిగి తిరిగి ఒకే గుంపు దగ్గరికి చేరతాయి. రహస్యంగా సంపాదించిందేమీ లేదు. అంతా ఎవరైనా వెళ్లి చూసుకోగల ప్రభుత్వ రికార్డే. అయినా దాన్ని ప్రదర్శించాల్సిన న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియం డైరెక్టర్ ఆ ప్రదర్శనను రద్దు చేశాడు. దాన్ని సమర్థించిన క్యూరేటర్ ఎడ్వర్డ్ ఫ్రై ఉద్యోగం పోయింది. రికార్డు ఆఫీసులో ఉంటే ఎవరికీ పట్టని వివరాలు మ్యూజియం గోడ ఎక్కేసరికి మోయరానివి అయ్యాయి.

ఎర్ర అక్షరం పడిన గోడలు

పశ్చిమాన ఫ్యాక్టరీలు ఖాళీ అయితే, చైనాలో కథ వేరే రకంగా నడిచింది. 1990ల నుంచి బీజింగ్‌లో హుటాంగ్‌లనే పాత సందులు వేగంగా నేలమట్టమయ్యాయి. కూల్చబోయే గోడ మీద 'చాయ్' అనే అక్షరం, చుట్టూ ఒక సున్నా. కూల్చు అని దాని అర్థం. అది కనిపించిందంటే ఇంటివాళ్లకు రోజులు దగ్గర పడ్డట్టే.

జాంగ్ దాలి అనే కళాకారుడు ఇటలీలో కొన్నేళ్లుండి తిరిగొచ్చి, 1995 నుంచి అలాంటి గోడల మీద రాత్రిళ్లు స్ప్రేతో ఒక గుండు తల ఆకారం గీయడం మొదలెట్టాడు. ఒకే గీతలో పక్కకు తిరిగిన ముఖం. తర్వాత అడుగు ముందుకేసి, ఆ గీత వెంబడి సుత్తి, ఉలితో గోడనే తొలిపించాడు. 1998 నాటి ఒక ఫొటోలో సగం కూలిన గోడలో తల ఆకారపు కన్నం కనిపిస్తుంది, దానిలోంచి దూరంగా నిషిద్ధ నగరం అనే పాత రాజప్రాసాదపు బురుజు. ఒకటి భద్రంగా కాపాడుకునే పాతదనం, మరొకటి నలగ్గొట్టే పాతదనం. రెండూ ఒకే ఫ్రేములో.

గోడలు పోయాక లోపలి సామాన్ల సంగతేంటి? 2005లో సాంగ్ డాంగ్ తన తల్లి అయిదు దశాబ్దాలుగా పారేయకుండా దాచినవన్నీ ప్రదర్శనశాల నేల మీద వరసగా పేర్చాడు. వాడేసిన టూత్‌పేస్టు ట్యూబులు, సీసా మూతలు, సబ్బులు, మడతపెట్టిన కవర్లు, చెప్పుల జతలు. పదివేలకు పైగా వస్తువులు. మధ్యలో పాత ఇంటి చెక్క చట్రం. వాటిని పేర్చింది తల్లీకొడుకులిద్దరూ కలిసే. కరువు చూసిన తరం ఏదీ పారేయదు. కొత్త అపార్ట్‌మెంటులో దేనికీ చోటుండదు. ఆ రెండింటి మధ్య ఇరుకు ఏమిటో ఆ వరసలు చూస్తే తెలుస్తుంది, వేరే వివరణ అక్కర్లేదు.

నగరం పైకి పెరగడం మీదా పనులొచ్చాయి. 2011లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో భారత పెవిలియన్ కోసం గీగీ స్కారియా ఒక లిఫ్టు కట్టాడు. లోపలికెళ్తే మూడు వైపులా వీడియో. అడుగున కార్ల పార్కింగు, పైకి పోయేకొద్దీ ఒక్కో అంతస్తులో ఒక్కో తరగతి మనుషుల ఇళ్లు. ప్రేక్షకుడు కదలడు, అంతస్తులు మారతాయి.

ఎవరికి చోటు, ఎవరికి కాదు

నగరం మారినప్పుడు ఇల్లు లేనివాళ్ల విషయంలో చట్టాలు ఎంత సూక్ష్మంగా పనిచేస్తాయో మైకేల్ రాకోవిట్జ్ పని చూపిస్తుంది. 1990ల చివర్లో అతను ప్లాస్టిక్ సంచులతో గాలి నింపే గుడారాలు తయారు చేశాడు. పెద్ద భవనాల ఏసీ, హీటింగ్ గొట్టాల నుంచి వృథాగా బయటికొచ్చే వెచ్చటి గాలికి వాటిని తగిలిస్తే గుడారం ఉబ్బుతుంది, లోపల పడుకున్న మనిషికి చలి ఆగుతుంది. ఒకసారి న్యూయార్క్‌లో పోలీసులు అభ్యంతరం చెప్పారు. నిబంధన ప్రకారం మూడున్నర అడుగులు, ఆపైన ఎత్తున్నదే గుడారం. ఆ గుడారం ఎత్తు అంతకంటే తక్కువ. కాబట్టి గుడారమే కాదు. టేపు పెట్టి కొలిచే చోట కళ, చట్టం ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. ఇల్లు లేని సమస్యకు ఇదేం పరిష్కారం అని అడగొచ్చు. పరిష్కారమని రాకోవిట్జ్ కూడా అనలేదు.

జనం కోసమే పెట్టిన కళ జనానికే అడ్డమైతే? శిల్పి రిచర్డ్ సెర్రా 1981లో న్యూయార్క్‌లో ప్రభుత్వ కార్యాలయాల ముందున్న ఫెడరల్ ప్లాజా అనే ఆవరణలో 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తున్న ఉక్కు గోడను నిలబెట్టాడు. ప్లాజాను అడ్డంగా కోసే వంపు అది. ఆ చోటులో నడవడం మీద మనిషికి స్పృహ కలగాలన్నది అతని ఉద్దేశం. రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లకు మాత్రం చుట్టూ తిరిగి పోవాల్సిన తలనొప్పి. 1985 మార్చిలో మూడు రోజులు బహిరంగ విచారణ జరిగింది. ఉంచాలని 122 మంది, తీసేయాలని 58 మంది మాట్లాడారు. కమిటీ 4-1 తేడాతో తీసేయాలంది. 1989 మార్చి 15 రాత్రి దాన్ని ముక్కలు చేసి తరలించారు. తర్వాత ఆ ప్లాజాలో ఆకుపచ్చ బెంచీలు మెలికలు తిరుగుతూ వచ్చాయి. కొన్నేళ్లకు అవీ పోయాయి.

వైట్‌రీడ్ ఇంటినీ సెర్రా గోడనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా ఉంది. మొదటిది పోతున్నదాని అచ్చు, రెండోది ఉన్న చోటులో కొత్తగా దూరింది. మొదటిదానికి కాలం ముందే రాసిపెట్టి ఉంది, గొడవ గడువు గురించే. రెండోది శాశ్వతమని నమ్మి పెట్టింది. బహిరంగ స్థలంలో కళకు శాశ్వతత్వం ఆశించడం కష్టమని ఆ తర్వాతి తరానికి తెలిసొచ్చింది.

బొమ్మ వచ్చాక అద్దె పెరిగితే

ఈ కళ గురించి మొహమాటపడే విషయం ఒకటుంది. అది విమర్శించే మార్పులోనే దానికీ ఒక చెయ్యి ఉంటుంది.

ఇది జరిగే తీరు అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. చవక అద్దె చూసి కళాకారులు పాత గోదాముల్లో చేరతారు. స్టూడియోలు, ప్రదర్శనలు, కాఫీ షాపులు వస్తాయి. ఆ పేటకు పేరు వస్తుంది. పేరు రాగానే బిల్డర్లు వస్తారు. అద్దె పెరిగి మొదట పాత కాపురస్థులు, తర్వాత కళాకారులు కూడా ఖాళీ చేస్తారు. న్యూయార్క్ సోహోలో ఇదంతా దాదాపు ఒక నమూనాలా నడిచింది. అక్కడ ఫ్యాక్టరీ అంతస్తుల్లో కళాకారులు కాపురం పెట్టడాన్ని 1971లో చట్టబద్ధం చేశారు. దానికి నగర సాంస్కృతిక శాఖ నుంచి 'కళాకారుడు' అని సర్టిఫికెట్ కావాల్సి వచ్చేది. తర్వాతి దశాబ్దాల్లో గ్యాలరీలు తరలిపోయాయి, ఖరీదైన దుస్తుల షాపులు దిగాయి. కళ ఒక్కటే కారణమనలేం. వడ్డీ రేట్లు, ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ నిబంధనలు, ఉద్యోగాలు నగర కేంద్రానికి తిరిగి రావడం, వీటి బరువు ఎక్కువ. కళ ఇచ్చేది పేరు. అమ్మకానికి అది బాగా పనికొస్తుంది.

బెర్లిన్‌లో దీనికి ఒక తీవ్రమైన జవాబు వచ్చింది. క్రాయిట్స్‌బెర్గ్ అనే పేటలో కువ్రీ వీధి ఖాళీ స్థలం పక్కన బ్లూ అనే వీధి చిత్రకారుడు 2007, 2008లలో రెండు భారీ గోడచిత్రాలు వేశాడు. ఒకదాంట్లో సూటు, టై వేసుకున్న తల లేని మనిషి, రెండు చేతులకూ బంగారు వాచీలు. ఆ వాచీల మధ్య గొలుసు, సంకెళ్లలా. టూరిస్టులు వచ్చి ఫొటోలు దిగేవారు. 2014లో ఆ ఖాళీ స్థలంలో గుడిసెలు వేసుకున్నవాళ్లను పంపేశారు, కట్టడాలకు రంగం సిద్ధమైంది. డిసెంబర్‌లో ఒక రాత్రి రెండు చిత్రాలకూ నల్లరంగు పూసేశారు. పూయించింది బిల్డరేమో అని చాలామంది అనుకున్నారు. పూసింది బ్లూ వైపువాళ్లే, అతని ఒప్పుదలతోనే. రాబోయే ఫ్లాట్లకు తమ బొమ్మ కిటికీలోంచి కనిపించే ఆకర్షణ కాకూడదన్నది వాళ్ల లెక్క.

న్యూయార్క్ క్వీన్స్‌లోని 5పాయింట్జ్‌లో జరిగింది దీనికి తలకిందులు. పాత ఫ్యాక్టరీ సముదాయం గోడల మీద యజమాని అనుమతితోనే ఏళ్ల తరబడి గ్రాఫిటీ చిత్రకారులు పనిచేశారు. అక్కడ అపార్ట్‌మెంట్ టవర్లు కట్టాలని నిర్ణయమైంది. 2013 నవంబర్‌లో యజమాని రాత్రికి రాత్రి గోడలకు తెల్లరంగు కొట్టించాడు. కళాకారులు 1990 నాటి దృశ్య కళాకారుల హక్కుల చట్టం కింద కోర్టుకు వెళ్లారు. 2018లో 45 చిత్రాలకు, 21 మంది కళాకారులకు 67.5 లక్షల డాలర్లు చెల్లించాలని తీర్పు వచ్చింది. 2020లో పై కోర్టు దాన్ని సమర్థించింది.

ఈ తీర్పును కళ గెలిచిందని చదివితే తప్పుదారి పట్టినట్టే. భవనం కూల్చకూడదని కోర్టు ఎక్కడా అనలేదు. చట్టం ప్రకారం 90 రోజుల నోటీసు ఇచ్చి, పర్మిషన్లు వచ్చేదాకా ఆగి ఉంటే ఇంత పరిహారం పడేది కాదని జడ్జి మాటల సారాంశం. శిక్ష పడింది తొందరపాటుకు. టవర్లు లేచాయి, వాటికి 5పాయింట్జ్ అనే పేరే పెట్టారు. బ్లూ భయపడింది ఇలాంటి దానికే.

కొందరు మూడో దారి వెతికారు, స్థలాన్నే చేతిలోకి తీసుకోవడం. హ్యూస్టన్‌లో రిక్ లో (Rick Lowe) అనే కళాకారుడు అప్పట్లో పేదరికం మీద బొమ్మలు వేసేవాడు. స్టూడియో చూడటానికొచ్చిన ఒక స్కూలు కుర్రాడు "ఇవన్నీ మాకు తెలిసినవే కదా, మీకు సృజన ఉంటే పరిష్కారం చేయొచ్చుగా" అన్న ధోరణిలో అడిగాడని అతను చెబుతుంటాడు. 1993లో రిక్ లో, తోటి కళాకారులు కలిసి థర్డ్ వార్డ్ అనే పేటలో పాడుబడిన 22 చిన్న వరస ఇళ్లను చేపట్టారు. కొన్ని ప్రదర్శనలకు, కొన్ని ఒంటరి తల్లుల కాపురానికి. షికాగోలో థియస్టర్ గేట్స్ 1923 నాటి మూతపడ్డ బ్యాంకు భవనాన్ని నగరం నుంచి ఒక్క డాలరుకు తీసుకున్నాడు. మరమ్మతుల డబ్బు కోసం ఆ భవనంలోని పాలరాతి పలకలనే బాండ్లుగా చెక్కి, ఒక్కోటి 5 వేల డాలర్లకు కళాసంతలో అమ్మాడు. 2015లో అది లైబ్రరీగా, ప్రదర్శనశాలగా తెరుచుకుంది. ఇక్కడ కళ మార్కెట్టును తిట్టదు, మార్కెట్టు జేబులోంచే డబ్బు తీస్తుంది. ఈ పద్ధతి నిలుస్తుంది, ఎందుకంటే దస్తావేజు కళాకారుల వైపు ఉంది. అయితే ఒక పేటలో ఇరవై ముప్ఫై ఇళ్లు కాపాడినంత మాత్రాన చుట్టుపక్కల అద్దెలు ఆగవు. హ్యూస్టన్ అనుభవమే దానికి సాక్ష్యం.

కెమెరా కింద, మ్యాపు లోపల

గత ఇరవై ఏళ్లలో నగరానికి ఇంకో పొర చేరింది. 1966లో ఎడ్ రుషే పికప్ ట్రక్కు మీద కెమెరా బిగించి లాస్ ఏంజెలెస్ సన్‌సెట్ వీధిలోని భవనాలన్నీ వరసగా ఫొటోలు తీసి, దాదాపు 25 అడుగుల మడత పుస్తకంగా వేస్తే అది చాదస్తంలా కనిపించింది. 2007లో గూగుల్ స్ట్రీట్ వ్యూ మొదలయ్యాక అదే పని సేవగా మారింది. కళాకారుల ప్రశ్న దాంతో వేరే చోటికి జరిగింది. నగరాన్ని ఎలా చూపించాలి అన్నది పోయి, నగరం మనల్ని ఎలా చూస్తోంది అన్నది వచ్చింది.

2004లో జిల్ మాగిడ్ లివర్‌పూల్‌లో 31 రోజులు ఎర్ర కోటు వేసుకుని తిరిగింది. నగర కేంద్రంలో 242 పోలీసు కెమెరాలు. ఆ ఫుటేజీ 31 రోజుల తర్వాత చెరిగిపోతుంది, ఎవరైనా తమ దృశ్యాల కోసం ఫారం నింపి అడిగితే మాత్రం భద్రపరుస్తారు. ఆమె ఆ ఫారాలను రోజూ ప్రేమలేఖల్లా నింపింది, ఎక్కడ ఉన్నానో, ఏమనిపించిందో రాస్తూ. ఒకరోజు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుని నడిచింది. కెమెరా వెనకున్న పోలీసు మాటల్లో దారి చెబుతూ జనం మధ్య నుంచి నడిపించాడు. నిఘా వ్యవస్థలో ఒక మనిషి గొంతు వినిపించడం ఊరటగానూ ఉంటుంది, గగుర్పాటుగానూ ఉంటుంది.

2020లో సైమన్ వెకర్ట్ బెర్లిన్‌లో 99 పాత స్మార్ట్‌ఫోన్లను ఎర్రటి చిన్న బండిలో వేసుకుని ఖాళీ రోడ్డు మీద మెల్లగా లాక్కుంటూ వెళ్లాడు. అన్నింటిలో గూగుల్ మ్యాప్స్ ఆన్. 99 ఫోన్లు నత్తనడకన కదులుతున్నాయంటే ట్రాఫిక్ జామ్ అనుకుంది సాఫ్ట్‌వేర్. మ్యాపులో రోడ్డు ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారింది. ఒక్క మనిషి, ఒక బండి. ఇప్పుడు వీధి ఖాళీగా ఉందో లేదో నిర్ణయించేది ఫోన్లు పంపే సమాచారం. ఏ పేటలోంచి వాహనాలు పోవాలో కొంతవరకు అదే తేలుస్తుంది.

తర్వాతి తగాదా ఎలా ఉండబోతుందో చూచాయగా తెలిపిన ఘటన 2017లో జరిగింది. శిల్పి జెఫ్ కూన్స్ చేసిన బెలూన్ కుక్క శిల్పం డిజిటల్ రూపాన్ని స్నాప్‌చాట్ అనే ఫోన్ యాప్ న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఒక నిర్ణీత చోట ఫోన్ తెర మీద మాత్రమే కనిపించేలా పెట్టింది. వెంటనే సెబాస్టియన్ ఎర్రాజురిజ్ అనే కళాకారుడు అదే చోటికి, అదే కుక్కను గ్రాఫిటీతో నింపేసిన రూపంలో తన సొంత డిజిటల్ బొమ్మను తెచ్చాడు. బహిరంగ స్థలం మీద ఉన్న అదృశ్య పొరను కంపెనీలు అద్దె లేకుండా వాడుకోవచ్చా అన్నది అతని అభ్యంతరం. సెర్రా ఉక్కు గోడను తీయాలంటే మూడు రోజుల విచారణ, నాలుగేళ్ల న్యాయపోరాటం, ఒక రాత్రి గ్యాస్ కట్టర్లు కావాల్సి వచ్చాయి. ఈ కుక్కను పెట్టడానికైనా తీయడానికైనా కావాల్సింది సర్వర్ దగ్గర కూర్చున్న ఒక ఉద్యోగి మాత్రమే. దాని మీద 180 మంది వచ్చి మాట్లాడే హాలు ఏ నగరంలోనూ ఇంకా లేదు.